కొత్త డిగ్రీ, పాత మోకాళ్ళు

మా ఇంట్లో ఒకే మనిషి మీద ఇద్దరికి కడుపుమంట. ఆయనకి కుర్చీ గురించి, నాకు మాటల గురించి. ఆ మనిషికి మాత్రం ఈ సంగతి తెలియదు.

ఆయన అంటే మా ఆయన. కాలేజీలో ఆటల డైరెక్టరు. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తురాదు, చిన్నా పెద్దా అందరికీ విజిల్ సారే. పిల్లల్ని వరసలో నిలబెట్టడం, గ్రౌండులో సున్నం గీతలు గీయించడం, పోటీలకి జట్లని తీసుకెళ్ళి కప్పులతోనో కాలినొప్పులతోనో వెనక్కి తీసుకురావడం, పాతికేళ్ళుగా ఇదే ఆయన పని. ఆ పాతికేళ్ళూ ఆయనకి ఒక్కటే కోరిక. లెక్కలకి డిగ్రీ ఉంది, చరిత్రకి డిగ్రీ ఉంది, వ్యాయామ విద్యకి మన కాలేజీలో డిగ్రీ ఎందుకు ఉండకూడదు? వచ్చిన ప్రతి ప్రిన్సిపాల్‌నీ అడిగారు. వచ్చిన ప్రతి ప్రిన్సిపాలూ "చూద్దాం సార్" అని ఇంకో ఊరికి బదిలీ అయిపోయాడు.

ఇప్పుడున్నాయన నిజంగానే చూశాడు. వచ్చే ఏడు నుంచి డిగ్రీ మొదలు, నాలుగేళ్ళ చదువు, దాని పాఠ్యప్రణాళిక వెయ్యడానికి ఒక కమిటీ అని చెప్పేశాడు. ఆ రోజు మా ఆయన చెప్పులు కూడా విప్పకుండా వీధిగదిలోకి వచ్చేశారు. మా వీధిగదే నా కుట్టుషాపు. స్కూలు యూనిఫాంలు, ట్రాక్ సూట్లు, ఆడవాళ్ళ బట్టలు అన్నీ అక్కడే కుడతాను. మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపి, "మన డిగ్రీ వచ్చేసింది" అన్నారు. మన డిగ్రీ అన్నారు. చెప్పులతో వచ్చినందుకు తిడదామనుకున్నది కూడా మర్చిపోయాను.

ఆ సంబరం వారం నిలవలేదు. కమిటీలో ఈయన్ని ఒకరిగా వేసి, దానికి పెద్దగా మాత్రం ఒక మేడమ్‌ని బయటి నుంచి తీసుకొచ్చారు. వ్యాయామ విద్యలోనే డాక్టరేట్ చేసిందట, వేరే యూనివర్సిటీలో ఇలాంటి డిగ్రీని మొదలుపెట్టి నడిపించిందట. డిగ్రీ మొదలయ్యాక శాఖకి హెడ్డు కూడా ఆవిడేనట. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అలా అయింది. పాతికేళ్ళు అడిగింది ఈయన, కుర్చీలో కూర్చునేది ఆవిడ.

ఈయన కళ్ళల్లో నిప్పులు పోసుకున్నారు. అందులో నాకేం ఆశ్చర్యం లేదు, నేనైనా పోసుకుంటాను. నా ఇబ్బంది వేరే. ఆ రోజు నుంచి మా ఇంట్లో భోజనాల దగ్గర ఆవిడ మాట తప్ప ఇంకో మాట లేదు.

"ఇవాళ ఆవిడ ఏమందో తెలుసా?"

"ఏమంది?"

"మొదటి ఏడాది సగం టైము క్లాసులోనేనట. ఎముకలు, కండరాలు, గుండె ఎలా కొట్టుకుంటుంది, అవన్నీ చదివాకే గ్రౌండట. ఆట మట్టిలో నేర్చుకోవాలి గానీ బోర్డు మీద నేర్చుకుంటారా?"

"మరి మీరేమన్నారు?"

"అదే అన్నాను. దానికి ఆవిడ ఏమందో తెలుసా?"

ఇదీ వరస. నేను కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్తే వినపడదు గానీ, ఆవిడ మీటింగులో గొంతు సవరించుకున్నా ఇంటికొచ్చి చెప్తారు. ఆవిడ పెన్ను ఎలా పట్టుకుంటుందో నాకు తెలుసు. ఆవిడ టీలో చక్కెర వేసుకోదని తెలుసు. మూడో ఏడాది పిల్లల్ని స్కూళ్ళకి పంపించి పాఠం చెప్పించాలని ఆవిడ అన్నప్పుడు ఈయన కాదన్నారనీ, ఇంటికొచ్చాక "అది మంచి ఆలోచనేలే" అన్నారనీ తెలుసు. తిట్టడానికే అయినా సరే, ఒక ఆడదాని మాటలు మా ఆయన అక్షరం పొల్లుపోకుండా తిరిగి చెప్పడం నేను ఎప్పుడూ వినలేదు. నేను చెప్పిన మాట ఒక్కటి ఇలా ఎవరి దగ్గరైనా చెప్పి ఉంటారా అని ఆలోచించాను. చెప్పి ఉండరని తేల్చుకుని కంచాలు గట్టిగా చప్పుడు చేస్తూ కడిగాను.

ఒక మధ్యాహ్నం ఆవిడే మా షాపుకి వచ్చింది.

నేను ఊహించుకున్నట్టు లేదు. నలభై దాటిన మనిషి, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, కళ్ళకింద అలసట ఉంది. ఆంటీ అని పిలిచి ఉంటే కోపానికి ఓ కారణమైనా దొరికేది. "అక్కా, విజిల్ సార్ వాళ్ళ షాపు ఇదేనా?" అంది. షాపు విజిల్ సార్‌ది కాదు, నాది అన్నాను. "తెలుసక్కా, ఊళ్ళో అలా చెప్తేనే దారి చూపిస్తున్నారు" అని నవ్వింది.

కొత్త డిగ్రీ పిల్లలకి యూనిఫాం ఎలా ఉండాలో మాట్లాడుకున్నాం. గుడ్డ రకాలు చూసింది, చెమట పీల్చేది కావాలంది, మోకాళ్ళ దగ్గర రెండు పొరలు వెయ్యమంది. పని తెలిసిన మనిషే. అదీ నాకు నచ్చలేదు. అంతా అయ్యాక గొంతు తగ్గించి, తనకి ఒక ట్రాక్ ప్యాంటు కుట్టాలని అడిగింది. పరదా వెనక్కి తీసుకెళ్ళి టేపు పట్టుకున్నాక తెలిసింది గొంతు ఎందుకు తగ్గించిందో. కుడి మోకాలికి ఇనప పట్టీ ఉంది. పట్టీ పైనా కిందా పాత కుట్ల గుర్తులు.

"హర్డిల్స్ అక్కా. అడ్డు చెక్కల మీద నుంచి చాలా ఏళ్ళు నేను దూకాను. ఒక రోజు అది నా మీద నుంచి దూకింది."

నవ్వొచ్చింది. నవ్వు వచ్చినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

"కుడికాలు వదులుగా ఉండాలి, కానీ బయటికి తేడా కనిపించకూడదు. రెడీమేడ్‌లో దొరకదు. ఇక్కడ ఎవరికీ తెలియదక్కా. ఆటలు చెప్పే మనిషికి కాలు బాగాలేదంటే పిల్లలు జాలిపడతారు. జాలిపడ్డ క్లాసు మాట వినదు."

"నా దగ్గర నుంచి ఏ మాటా బయటికి పోదు" అన్నాను. ఆవిడ మీద ఇష్టంతో అన్నది కాదు. నాకు కుట్టు నేర్పింది మా పెద్దమ్మ. ఒకరి నడుం గురించి ఇంకొకరి దగ్గర నోరు జారితే, నేర్పిన ఆ చేత్తోనే టేపు పెట్టి కొట్టేది. టేపు చూసింది టేపుతోనే చుట్టెయ్యాలి అనేది. ఎవరికి ఒక భుజం దిగి ఉందో, ఎవరు మందు వాడి ఒళ్ళు చేశారో, ఎవరికి ఎక్కడ మచ్చ ఉందో, ఈ వీధి మొత్తం నా దగ్గర ఉంది. ఒక్కటి బయటికి పోలేదు. నోట్లో నువ్వుగింజ నానని వాళ్ళు ఈ పనికి పనికిరారు.

వెళ్ళబోతూ ఆవిడ గుమ్మం దగ్గర ఆగింది. "మీరు అదృష్టవంతులక్కా. సార్ ఉంటే మీటింగులో నవ్వు ఆగదు. మొన్న ఫిజిక్స్ సార్ నీళ్ళు తాగుతూ పొలమారిపోయారు."

నేను ఆ మాట దగ్గరే ఉండిపోయాను. మా ఆయన నవ్విస్తారా? ఇంట్లో ఈయన నవ్వు వినాలంటే టీవీ పెట్టాలి. మిగిలిపోయిన మాటలూ మిగిలిపోయిన చిరాకూ ఇంటికి, జోకులు మీటింగుకి. ఆ సాయంత్రం రెండు జాకెట్లకి చేతులు తారుమారు చేసి కుట్టి, మళ్ళీ విప్పి కుట్టాను.

ఆయన వచ్చి కత్తిరింపుల బల్ల అంచున కూర్చున్నారు. అలా కూర్చున్నారంటే ఏదో కావాలన్నమాట.

"ఆవిడ వచ్చిందటగా?"

"వచ్చింది. యూనిఫాం గురించి."

"తనకీ ఏదో కుట్టించుకుంటోందట. తనే చెప్పింది." బల్ల మీది కత్తెర చేతిలోకి తీసుకున్నారు. "ఆవిడ మెట్లెక్కదు, గమనించాను. లిఫ్టు పాడైన రోజు మీటింగు కిందికి మార్పించింది. పిల్లలకి పరుగు చూపించాల్సి వస్తే చేతులూపి చెప్తుంది గానీ ఒక్క అడుగు పరిగెత్తదు. నువ్వు కొలతలు తీశావు కదా. కాళ్ళు బాగానే ఉన్నాయా?"

"నేను కొలతలు చెప్పను. మీకు తెలియనిదా?"

"కొలతలు ఎవరడిగారు? బాగుందా లేదా అని అడిగాను. బాగుంటే బాగుందని చెప్పడానికి ఏమొచ్చింది?"

నిజమే, ఏమొచ్చింది? బాగానే ఉందండీ, మీ ఊహలు మీరూ అంటే ఆ సంగతి అక్కడితో ఆగిపోయేది. ఆయన నా మాట నమ్ముతారు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అప్పుడు ఫిజిక్స్ సార్ పొలమారడం గుర్తొచ్చింది. నేను దారం పళ్ళతో కొరికి, సూదిలోకి ఎక్కించుకున్నాను.

"మౌనం అర్ధాంగీకారం" అన్నారు ఆయన.

"మీరేం అనుకుంటే నాకేం" అన్నాను.

చూశారుగా, నేను ఒక్క మాట బయటపెట్టలేదు. పెద్దమ్మ బతికి ఉండి అడిగినా ఇదే చెప్తాను. ఏ పంచాయతీకి పిలిచినా నా తప్పు లేదనే తేలుస్తారు. ఆయన తనంతట తను అనుకున్నారు, తనంతట తను నవ్వుకున్నారు, ఆ రాత్రి గురకపెట్టి నిద్రపోయారు. నాకే నిద్ర పట్టలేదు. దానికి కారణం ఉక్క.

తర్వాతి మీటింగులో ఆయన లేచి నిలబడ్డారట. డిగ్రీలో చేరే పిల్లలకి ఎలాగూ పరుగు, లాంగ్ జంప్, గుండు విసరడం పరీక్షలున్నాయి. ఆ పరీక్ష పాఠం చెప్పేవాళ్ళు కూడా నెగ్గాలి, పిల్లల చేత చేయించేది మనం చెయ్యలేకపోతే ఈ డిగ్రీకి విలువేముంది అన్నారట. అందరూ బల్లలు చరిచారట. ప్రిన్సిపాల్‌కి ఆ ఆలోచన ఎంత నచ్చిందంటే, పేపర్లో వేయిద్దాం అన్నాడట.

"ఆవిడ ఏమంది?" ఈసారి నేనే అడిగాను.

"'అందరికీనా సార్?' అని అడిగింది. అందరికీ అన్నాను. ప్యాంటు మోకాలిదాకా మడిచి పట్టీ చూపించింది. 'అయితే నేను నెగ్గలేను. రూలు మాత్రం మంచిదే, పెట్టండి' అంది."

ఆయన ఆ మాట చెప్తూ నా వైపు చూడలేదు. చేతిలో ఉన్న విజిల్ తాడుని వేలికి చుట్టి విప్పుతూ కూర్చున్నారు.

"మరి హెడ్డు?"

"నేనే."

పాతికేళ్ళ కోరిక తీరిన మనిషి మొహం అలా ఉండకూడదు. ఏమైందని అడిగితే చెప్పారు. ప్రిన్సిపాల్ లేచి చేయి కలిపి, "హెడ్డు మీరే సార్. ఈ పరీక్ష కూడా మీతోనే మొదలుపెడదాం, నెలాఖరుకి పెడతాను, కాలేజీ అంతా వచ్చి చూస్తుంది" అన్నాడట.

"నాకెందుకే పరీక్ష? నేను పెట్టిన రూలు కొత్తగా వచ్చేవాళ్ళకి" అన్నారు.

"అందరికీ అన్నారుగా మీరే."

నవ్వు ఆపుకోవడం నా వల్ల కాలేదు. ఈయన పరిగెత్తి ఎన్నేళ్ళయిందో ఈయనకే తెలియదు. విజిల్ ఊదితే పిల్లలు పరిగెత్తుతారు, ఈయన నీడలో నిలబడతారు. పొట్ట ఆ విజిల్ కంటే ముందు నడుస్తుంది. పొద్దున్నే లేచి కాసేపు నడవండి అని పెళ్ళయినప్పటి నుంచి చెప్తున్నాను, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

మర్నాడు గ్రౌండుకి వెళ్ళి ఒక రౌండు పరిగెత్తి, రెండో రౌండులో సున్నం డబ్బా మీద కూర్చుండిపోయారట. ఆ మర్నాడు ఒకటిన్నర. మూడో రోజు వంట గదిలోకి వచ్చి, కాస్త సిగ్గుగా చెప్పారు.

"ఆవిడ నాకు నేర్పుతానంది."

"ఎవరు?"

"ఆవిడే. 'మీరు ఊపిరి తప్పుగా తీసుకుంటున్నారు సార్, నాతో రండి' అంది."

కుర్చీ పోగొట్టుకున్న మనిషి, కుర్చీ లాక్కున్న మనిషికి పరుగు నేర్పుతుందా? ఇందులో ఏదో ఉంది అనుకున్నాను. ఏం ఉందో నాకు తెలియదు, ఉండాలి అంతే. పదిరోజుల పాటు తెల్లవారకముందే అలారం, నేను చెప్తే లేవని మనిషి నేను లేవకముందే లేచి షూ లేసులు కట్టుకోవడం. చక్కెర మానేశారు. పొట్ట తగ్గిందని అద్దంలో పక్కకి తిరిగి చూసుకున్నారు. ఇన్నేళ్ళు నేను మొత్తుకున్నది ఆవిడ ఒక్క ముక్కలో సాధించింది.

ఒక పొద్దున ఉండబట్టలేక వెనకాలే వెళ్ళాను. గ్రౌండు గేటు పక్కన నీళ్ళ ట్యాంకు వెనక నిలబడ్డాను. పెళ్ళాం మొగుడిని కాపలా కాయడానికి దాక్కోవడం, అదీ ఈ వయసులో, అంతకంటే సిగ్గు ఏముంటుంది? అయినా నిలబడ్డాను.

ఆవిడ గ్రౌండు మధ్యలో ఉంది. ప్యాంటు పైనుంచే పట్టీ కట్టుకుంది, ఇక దాచడానికి ఏమీ లేదుగా. ఈయన చుట్టూ తిరుగుతున్నారు. "భుజాలు వదలండి సార్. ఊపిరి నోటితో వదలండి, ముక్కుతో కాదు. నేల వైపు చూడకండి, నా వైపు చూడండి" అని అరుస్తోంది. ఈయన చిన్నపిల్లాడిలా చెప్పింది చెప్పినట్టు చేస్తున్నారు. ఒక మలుపు దగ్గర ఈయన తడబడితే, ఆవిడ ఆ కాలితోనే రెండడుగులు ముందుకు ఉరికింది. ఉరికి, మోకాలు పట్టుకుని ఆగిపోయింది. ఈయన చూడలేదు. నేను చూశాను. ఆవిడ నొప్పి తగ్గేదాకా వంగి ఉండి, తర్వాత ఏమీ జరగనట్టు నిటారుగా నిలబడి మళ్ళీ "భుజాలు" అని అరిచింది.

ఇంటికి వస్తూ దారంతా ఆవిడనే తిట్టుకున్నాను. మంచిగా ఉండాల్సిన అవసరం ఆవిడకి ఏమొచ్చింది? చెడ్డదై ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేది.

నెలాఖరున పరీక్ష జరిగింది. నేను వెళ్ళలేదు, వెళ్తే ఈయనకి కాళ్ళు ఆడవని వంక చెప్పి ఉండిపోయాను. గుండు బాగానే విసిరారట. జంప్ ఎలాగో గట్టెక్కిందట. పరుగులో ఆఖరి రౌండు మలుపు దాకా టైము సరిపోయిందట. కాలేజీ పిల్లలంతా విజిళ్ళు తెచ్చుకుని ఊదారట, సార్‌ని ఉత్సాహపరచడానికి. ఆ మలుపు దగ్గరే తొడ పట్టేసింది. ఆగలేదు, కుంటుకుంటూనే గీత దాటారు. అప్పటికి ఫిజిక్స్ సార్ చేతిలో గడియారం గడువు దాటి చాలాసేపయింది.

ప్రిన్సిపాల్ చాలా బాధపడ్డాడట. కానీ రూలు పేపర్లో పడింది కదా. మీరు పెట్టిన మంచి రూలుని మీ కోసమే మారిస్తే బాగుండదు సార్ అన్నాడట. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చింది. వేరే ఊరి నుంచి ఒక ముప్పై ఏళ్ళ వాడు వచ్చాడు. పరుగు నెగ్గాడు, జంప్ నెగ్గాడు, మీటింగు గదిలో మా ఆయన కూర్చోవాల్సిన కుర్చీలో కూర్చుని, ప్రణాళిక అంతా చదివి, "బాగుంది, ఇంతకంటే మార్చక్కర్లేదు" అన్నాడు. వేసింది వీళ్ళిద్దరూ, కూర్చునేది వాడు.

ఈయన రెండు రోజులు తొడకి కాపడం పెట్టుకుంటూ మంచం మీద ఉన్నారు. "ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారు" అన్నారు ఒకసారి, పైకప్పు వైపు చూస్తూ. నేను కాపడం గుడ్డ మార్చాను.

ఆవిడ తన పాత యూనివర్సిటీకి వెళ్ళిపోతోందని తెలిసింది. అక్కడ హెడ్డు కుర్చీ ఇంకెవరికో ఇచ్చేశారట, మామూలు ఉద్యోగమే ఉందట. వెళ్ళేముందు ప్యాంటు కోసం వచ్చింది.

పరదా వెనక వేసుకుని బయటికి వచ్చి, అద్దం ముందు అటూ ఇటూ నడిచింది. కుడికాలు లోపలివైపు నేను ఇంకో మడత పెట్టాను, పట్టీ రాసుకోకుండా. ఆవిడ అడగలేదు, నాకే పెట్టాలనిపించింది.

"ఎక్కడా తేడా తెలియడం లేదక్కా. ఇలా ఎవరూ కుట్టలేదు నాకు." తిరిగి నా వైపు చూసింది. "వెళ్ళిపోయేదాన్ని కాబట్టి చెప్తున్నాను, నవ్వకండి. నాకు మొదట్నుంచీ మీరంటే కుళ్ళు."

"నేనంటేనా?"

"కమిటీలో మీ ఆయన నోరు తెరిస్తే 'మా ఆవిడ ఏమంటుందంటే' అనే మొదలుపెడతారు. యూనిఫాం గురించి అడిగినా అదే, పిల్లల హాజరు గురించి అడిగినా అదే. మీరు పాలవాడితో ఏమన్నారో, ఇంటి ఓనరుకి ఏం సమాధానం చెప్పారో, అన్నీ చేతులు తిప్పుతూ చెప్పి నవ్విస్తారు. ఫిజిక్స్ సార్‌కి పొలమారింది కూడా మీ మాటకే. మొదటి ఏడాది మొదటి పాఠం ఏమిటని పెద్ద వాదన జరిగింది. నేను ఎముకలన్నాను. సార్ కాదు, ముందు పడటం నేర్పాలన్నారు. ఎందుకంటే, 'మా ఆవిడ దగ్గరికి కుట్టు నేర్చుకోవడానికి ఎవరొచ్చినా ముందు కుట్లు విప్పడం నేర్పుతుంది. విప్పడం వచ్చినవాళ్ళు తప్పు కుట్టడానికి భయపడరట' అన్నారు. ఇక అందరం ఒప్పేసుకున్నాం. డిగ్రీలో మొదటి పాఠం అదేనక్కా. దెబ్బ తగలకుండా పడటం."

నేను బల్ల మీది దారపు ముక్కలు ఏరడం మొదలుపెట్టాను.

"రోజూ ఇంటికి వెళ్ళి తాళం తీసుకుంటూ అనుకునేదాన్ని, నేను అన్న మాట ఇంకోచోట చెప్పుకునే మనిషి నాకు ఒక్కరూ లేరు కదా అని. అందుకే కుళ్ళు." ప్యాంటు మార్చుకుని వచ్చి, మడత పెట్టి సంచిలో పెట్టుకుంటూ మళ్ళీ అంది. "ఇంకోటి ఉంది. ఇది చెప్పకపోతే నాకు మనశ్శాంతి ఉండదు. ఆ రూలు పెట్టిన రోజు మిమ్మల్ని అనుమానించాను. నా కాలు చూసింది మీరొక్కరే కదా. ఆ రోజంతా మిమ్మల్ని నానా మాటలూ అనుకున్నాను. తర్వాత గ్రౌండులో సారే చెప్పారు. 'మా ఆవిడని అడిగాను, నోరు మెదపలేదు. ఇన్నేళ్ళలో ఒక్కరి కొలత బయటపెట్టలేదు' అని. ఎంత గర్వంగా చెప్పారో మీరు చూడాల్సింది. మీలాంటి మనిషిని తప్పుగా అనుకున్నాను, ఏమీ అనుకోకండక్కా."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి మెడలో ఉన్న టేపు మీదికి వెళ్ళింది. ఇప్పుడు చెప్పాలి. నోరు మెదపకపోవడమే నేను చేసిన పని అని చెప్పాలి. బాగానే ఉంది అన్న ఒక్క మాట ఆ రోజు నా నోట్లో ఉందనీ, మీరు మా ఆయన నవ్వు గురించి చెప్పినందుకు దాన్ని మింగేశాననీ, నన్ను క్షమించమని మీరు అడగకూడదనీ చెప్పాలి. ఆవిడ నా మొహంలోకి చూస్తూ నిలబడింది, జవాబు కోసం.

"పర్లేదులెండి" అన్నాను.

ఆవిడ నా చెయ్యి ఒకసారి నొక్కి, సంచి భుజాన వేసుకుని మెట్టు దిగింది. ముందు ఎడమకాలు, తర్వాత కుడికాలు. నేను గుమ్మం దాకా వచ్చాను. ఆవిడ నడక నెమ్మది. మందుల షాపు దాటడానికే చాలాసేపు పట్టింది, మలుపు దాకా వెళ్ళడానికి ఇంకా చాలాసేపు. అంతసేపూ పిలిస్తే వినపడే దూరంలోనే ఉంది. నేను పిలవలేదు.